బైపాడ్ పెడితే గురి మారే రైఫిల్: స్టాక్ మార్చాలా, బాగుచేసుకోవాలా?

ప్రశ్న: డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాను. గ్రీన్‌కార్డు వచ్చాక సావేజ్ యాక్సిస్ రైఫిల్ (.308) కొన్నాను, స్కోపుతో కలిపి నాలుగు వందల డాలర్ల పైచిలుకు. ఇసుక సంచి మీద పెట్టి కాలిస్తే వంద గజాల దగ్గర అయిదు తూటాలూ ఒకటిన్నర అంగుళంలో పడుతున్నాయి. బైపాడ్ (రైఫిల్ ముందు తగిలించే రెండు కాళ్ల దన్ను) పెట్టి కాలిస్తే మాత్రం రెండున్నర అంగుళాలు పైకి, కాస్త కుడికి పోతున్నాయి, గ్రూపు (తూటాలు పడిన గుంపు) కూడా చెదిరిపోతోంది. ప్లాస్టిక్ స్టాక్ (బ్యారెల్ కూచునే ఒడి, భుజానికి ఆనే పిడి కలిసిన భాగం) ముందు వైపు చేత్తో నొక్కితే వంగుతోంది. రేంజిలో ఒకాయన అయిదు వందల డాలర్లు పెట్టి అల్యూమినియం ఛాసీ (లోహంతో చేసిన స్టాక్) వేసుకోమన్నారు, ఇంకొకాయన లామినేట్ చెక్క స్టాక్ అన్నారు. నేను అయిదడుగుల నాలుగంగుళాల మనిషిని. స్కోపులోకి చూడాలంటే చెంప పైకెత్తాల్సి వస్తోంది. నవంబరులో జింకల సీజను మొదలయ్యేలోగా ఏం చేయమంటారు? ఇంకో సంగతి: మా బావమరిది హెచ్-1బి వీసా మీద ఉన్నాడు. వాడు నాతో వచ్చి ఈ రైఫిల్ పట్టుకోవచ్చా?

సమాధానం: ఆడలేక మద్దెల ఓడు అంటారు గానీ, మీ విషయంలో మద్దెల నిజంగానే ఓడు. సంచి మీద ఒకటిన్నర అంగుళంలో పడుతున్నాయంటే బ్యారెల్, తూటా, స్కోపు, మీ చెయ్యి అన్నీ బాగానే ఉన్నట్టు. బైపాడ్ పెట్టగానే పైకి పోతున్నాయంటే స్టాక్ ముందు భాగం కిందినుంచి బ్యారెల్‌ను నెడుతోందన్నమాట. సంచిని మీరు బహుశా రిసీవరుకు (బోల్టు, ట్రిగ్గరు ఉండే ఉక్కు భాగానికి) దగ్గరగా పెడుతున్నారు, అక్కడ ప్లాస్టిక్ గట్టిగా ఉంటుంది. బైపాడ్ పట్టుకునేది ముందు కొసను. రైఫిల్ బరువు, దానికి తోడు మీ భుజం ముందుకు తోసే బలం, రెండూ ఆ కొస మీదే పడి ప్లాస్టిక్ పైకి వంగి బ్యారెల్‌కు తగులుతుంది. కుడికి పోతున్నాయంటే మెలి తిరిగి ఎడమ గోడ కూడా ఒరుసుకుంటోందని. ప్రతిసారీ ఒకే బలంతో తోయలేరు కాబట్టే గ్రూపు చెదురుతోంది.

ఈ ధర రైఫిళ్లన్నిటికీ కొద్దో గొప్పో ఉండే జబ్బే ఇది. బ్యారెల్ మీద, బోల్టు (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ) మీద డబ్బు పెట్టి, స్టాక్ దగ్గర పొదుపు చేస్తారు. లోపల గుల్లగా, సన్నని అడ్డుపట్టీలతో అచ్చుపోసిన ప్లాస్టిక్ అది.

ఛాసీ సంగతి ముందే తేల్చేద్దాం. హైదరాబాదులో చారణా కోడికి బారణా మసాలా అంటారే, అదీ లెక్క. ఛాసీ మంచిదే, బిగువుగా ఉంటుంది. కానీ ఛాసీల్లో చాలావాటికి మీ యాక్సిస్ మ్యాగజీన్ (తూటాల డబ్బా) పట్టదు, ఏఐసీఎస్ అనే వేరే నమూనా మ్యాగజీన్లు విడిగా కొనాలి. కొన్నిటికి భుజానికి ఆనే వెనక భాగం (బట్) కూడా విడిగానే. ఛాసీ ఒక్కటే మీ రైఫిల్ ధర దాటుతోంది, ఇవన్నీ కలిపితే ఇంకా ఎక్కువ. పైగా రోజంతా భుజాన మోయాల్సిన వేట రైఫిల్‌కు అంత అల్యూమినియం బరువు దండగ. స్టాక్ గట్టిచేయడానికి మీకు ఇప్పుడు కావలసింది ముప్పై నలభై డాలర్ల సామాను, రెండు సాయంత్రాలు, రెండు రోజుల ఓపిక.

మొదట రోగం ఖాయం చేసుకోండి. మ్యాగజీన్ తీసి, బోల్టు వెనక్కి లాగి, ఛాంబరు (తూటా కూచునే గది) కంటితో చూసి, వేలితో తడిమి, ఆ తర్వాత బోల్టు పూర్తిగా బయటికి తీసేయండి. తూటాలు వేరే గదిలో ఉండాలి. ఒక డాలరు నోటు బ్యారెల్ కింద దూర్చి ముందు కొసనుంచి వెనక్కి లాగుతూ రండి. బ్యారెల్‌ను రిసీవరుకు బిగించే నట్ దాకా అడ్డు లేకుండా రావాలి. మామూలుగా పెట్టినప్పుడు వస్తుంది, చాలామంది అక్కడే ఆగిపోయి స్టాక్ బాగానే ఉందనుకుంటారు. బైపాడ్ మీద నిలబెట్టి, కాల్చేటప్పుడు ఎంత బలంగా ముందుకు తోస్తారో అంతా తోస్తూ, ఇంకొకరిచేత నోటు లాగించండి. అప్పుడు ఇరుక్కుంటే రోగం దొరికినట్టే. అదే చేత్తో స్కోపు బేస్ స్క్రూలు, రింగుల స్క్రూలు కూడా చూసుకోండి. వదులు స్క్రూ చేసే అల్లరికి పాపం స్టాక్ తిట్లు తింటుంటుంది.

ఇక బాగుచేయడం. ముందు భాగంలో, బ్యారెల్ గాడి కింద, అడ్డుపట్టీల మధ్య గుల్ల గదులు కనబడతాయి. వాటిలో గట్టి కడ్డీలు పెట్టి ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) పోసి నింపడమే పని. కడ్డీలుగా పాత కార్బన్ బాణాల కాడలకు మించినవి లేవు: తేలిక, వంగవు. అవి లేకపోతే సన్నటి అల్యూమినియం గొట్టం. ఆ గదుల మొత్తం పొడవుకు సరిపడేలా రెండు ముక్కలు కోసుకుని, పక్కపక్కన పడుకునేలా అడ్డుపట్టీల్లో డ్రెమెల్‌తో (చేతిలో పట్టే చిన్న గ్రైండరుతో) గాళ్లు తీయండి. కాడల కొసలు ఎపాక్సీ లోపలికి దిగకుండా మైనంతోనో బంకమట్టితోనో మూసేయండి, లేకపోతే బరువు ఊరికే పెరుగుతుంది.

ఎపాక్సీ ఎంత కావాలో తెలియడానికి తేలికైన కిటుకు: కాడలు పెట్టాక ఆ గదుల్లో బియ్యం పోసి, తిరిగి కొలపాత్రలోకి వంచండి. ఎన్ని మిల్లీలీటర్లుంటే దానికి పదోవంతు ఎక్కువ కలుపుకుంటే చాలు. అయిదు నిమిషాల్లో గట్టిపడే రకం కొనకండి. అది పెళుసు, త్వరగా వేడెక్కుతుంది. ఇరవై నాలుగు గంటల్లో ఆరే రకం తీసుకోండి. జేబీ వెల్డ్ అసలు రకం, మెరైన్-టెక్స్, బ్రౌనెల్స్ వారి ఆక్రాగ్లాస్, ఏదైనా పనికొస్తుంది.

చాలామంది చెడగొట్టుకునేది ఇక్కడే. ఈ ప్లాస్టిక్‌కు ఎపాక్సీ సరిగా అంటుకోదు. ఊరికే పోస్తే ఆరాక ఒకే దిమ్మలా ఊడి, స్టాక్‌లో కటకటలాడుతూ కూచుంటుంది. అందుకని అతుకు మీద కాదు, పట్టు మీద ఆధారపడాలి. అచ్చు నుంచి మిగిలిన జిడ్డు పోయేలా ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, 60 నంబరు గరుకు కాగితంతో లోపలి గోడలన్నీ గీకి, మళ్లీ తుడవండి. ప్రతి అడ్డుపట్టీకీ రెండేసి చిన్న రంధ్రాలు వేయండి. ఎపాక్సీ ఒక గదినుంచి ఇంకో గదిలోకి పారి, గట్టిపడ్డాక గొలుసులా పట్టేస్తుంది. పక్క గోడల్లో లోపలివైపు చిన్న గుంటలు చేసినా మంచిదే, బయటికి మాత్రం తూట్లు పడనీయకండి. గోడ రెండు మూడు మిల్లీమీటర్లకు మించి ఉండదు.

బైపాడ్ తగిలించే స్టడ్‌ను దాని చోటే ఉంచి, ఎపాక్సీ అంటుకోకుండా మరలకు, లోపలి నట్‌కు రంగులేని బూట్‌పాలిష్ పూయండి. నట్ చుట్టూ ఎపాక్సీ గట్టిపడితే అది ఇక తిరగదు, స్టడ్ మాత్రం ఎప్పుడైనా విప్పుకోవచ్చు. స్టాక్‌ను రెండు వైపులా దన్ను పెట్టి, స్పిరిట్ లెవెల్ చూసి సమంగా నిలబెట్టండి. ఒక్కసారే నింపకండి. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, మందంగా పోస్తే ఆ వేడికి ప్లాస్టిక్ మెత్తబడి స్టాక్ వంకరపోతుంది. సెంటీమీటరు మందం పోసి, చల్లబడ్డాక తర్వాతి పొర. ఆగస్టులో టెక్సస్ గరాజి మన రోహిణి కార్తెను మరిపిస్తుంది, అక్కడ కలిపితే పోసేలోగానే గిన్నెలో గడ్డకడుతుంది. ఏసీ ఉన్న గదిలో, కిటికీ కాస్త తెరిచి, నైట్రైల్ తొడుగులు వేసుకుని చేయండి. ఎపాక్సీ పదేపదే చర్మానికి తగిలితే దురద, దద్దుర్లు మొదలై, ఆ తర్వాత జన్మంతా దాని వాసన కూడా గిట్టకుండా పోయే ప్రమాదం ఉంది.

పై అంచు దాకా పోయకూడదు. బ్యారెల్ గాడి అడుగుకు రెండు మూడు మిల్లీమీటర్లు కిందే ఆపేయండి. పూర్తిగా ఆరడానికి ఒక పగలు, ఒక రాత్రి. అప్పుడు నొక్కి చూస్తే తేడా మీకే తెలుస్తుంది. బరువు పావు కిలో లోపే పెరుగుతుంది, అదీ ముందువైపే కాబట్టి తుపాకీ చేతిలో ఇంకొంచెం నిలకడగా ఉంటుంది.

గాడి వెడల్పు చేయడం తర్వాతి పని. బ్యారెల్ కంటే కొంచెం లావైన చెక్క రూళ్లకర్రకు 80 నంబరు గరుకు కాగితం చుట్టి, ముందుకూ వెనక్కూ సమంగా రుద్దండి. బ్యారెల్ చుట్టూ ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. డాలరు నోటు మందం మిల్లీమీటరులో పదోవంతు మాత్రమే, అది తాకుతోందా లేదా చెప్పడానికి పనికొస్తుంది గానీ అంత ఖాళీ చాలదు. తెల్లవారుజాము అయిదు గంటల తేమలో, బ్యారెల్ వేడిలో, స్లింగ్ (భుజాన వేసుకునే పట్టీ) లాగుడులో అది ఇట్టే మూసుకుపోతుంది. ఎడమ గోడ ఇప్పటికే ఒరుసుకుంటోంది కాబట్టి అటు ఒక్కసారే ఎక్కువ తీసేద్దామనిపిస్తుంది. తీయకండి. వంగడం పోయాక ఒరుపు కూడా చాలావరకు పోతుంది.

ఇప్పుడు యాక్సిస్‌కే ప్రత్యేకమైన ఒక సంగతి. చాలా రైఫిళ్లకు రికాయిల్ లగ్ (తన్నును స్టాక్‌కు అందించే పలక) రిసీవరుకో బ్యారెల్‌కో పట్టుకుని ఉంటుంది. యాక్సిస్‌లో అది స్టాక్‌లో నిలబెట్టిన ఉక్కు పలక, రిసీవరు అడుగున ఉన్న గాడిలోకి వెళ్లి కూచుంటుంది. కాల్చినప్పుడు తన్నే బలమంతా ఆ చిన్న పలక మీదే. ప్లాస్టిక్‌లో దాని చోటు వదులైతే పిడి వదులైన గొడ్డలితో కట్టెలు కొట్టినట్టే, ప్రతి దెబ్బకూ కొత్త చోట కూచుంటుంది. రిసీవరు విప్పినప్పుడు పలకను వేళ్లతో ఊపి చూడండి. కదిలితే బయటికి తీసి, కింది సగాన్ని గరుకుచేసి, ఆల్కహాలుతో తుడిచి, దాని గుంటలో బఠాణీ గింజంత జేబీ వెల్డ్ పెట్టి తిరిగి దించండి. రిసీవరు అడుగుకు, దాని గాడికి, పలక పై సగానికి, రెండు స్క్రూలకు పాలిష్ రెండు పూతలు ముందే వేసి ఉంచాలి. స్క్రూ రంధ్రాలు బంకమట్టితో మూసి, రిసీవరును దాని చోట పెట్టి, స్క్రూలు వేళ్లతో తిప్పినంత మాత్రమే బిగించండి. రెంచితో బిగిస్తే ప్లాస్టిక్ వంగిన ఆకారంలోనే ఎపాక్సీ గట్టిపడి, ఆ వంకర శాశ్వతమవుతుంది. మర్నాడు విప్పేటప్పుడు రాకపోతే సుత్తి తీసుకోకండి. మొత్తాన్నీ రెండు గంటలు ఫ్రీజర్లో ఉంచి, రబ్బరు సుత్తితో బ్యారెల్ అడుగున మెల్లగా తట్టండి. పాలిష్ మరిచిపోయినవాళ్లకు మాత్రం ఫ్రీజరు కూడా దిక్కు కాదు.

రిసీవరు మొత్తానికీ ఎపాక్సీ పరుపు వేయమని సలహాలు వినిపిస్తాయి. చెక్క స్టాక్‌కు అది బంగారం. ఈ ప్లాస్టిక్‌కు అనవసరం, అంటుకోని చోట పరుపు నాలుగు పెట్టెల తూటాలకే లేచిపోతుంది.

బిగించడంలో పద్ధతి ఉంది. బట్ నేల మీద, మూతి పైకి ఉండేలా నిలబెట్టి, స్క్రూలు వదులుగా ఎక్కించి, బట్‌ను రబ్బరు చాప మీద రెండుసార్లు తట్టండి. రిసీవరు వెనక్కి జారి లగ్‌కు ఆనుతుంది. అప్పుడు ముందు స్క్రూ కొంత, వెనక స్క్రూ కొంత, మార్చి మార్చి బిగించండి. ప్లాస్టిక్ స్టాక్‌కు 30 నుంచి 35 అంగుళం-పౌండ్లు చాలు, అంటే సుమారు 4 న్యూటన్ మీటర్లు. మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. కారు చక్రాలకు వాడే రెంచి దీనికి పనికిరాదు, అది అడుగు-పౌండ్లలో కొలుస్తుంది. అంకె చూసి పొరబడితే పన్నెండు రెట్లు బిగుస్తుంది, స్క్రూ తెగుతుంది లేదా ప్లాస్టిక్ నలుగుతుంది. తుపాకీ పనికని అమ్మే చిన్న టార్క్ డ్రైవరు కొనుక్కోండి. స్కోపు రింగులకూ అదే కావాలి, జీవితాంతం ఉంటుంది.

చెంప సంగతికొస్తే, అది స్టాక్ బలానికి సంబంధించింది కాదు, కొలతకు సంబంధించింది. గాల్లో వేలాడే చెంప ప్రతిసారీ ఒకేచోట ఉండదు, కన్ను జరిగితే గురి జరుగుతుంది. కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికెత్తి, చెంప హాయిగా ఆనిన చోట ఆపి, కళ్లు తెరవండి. స్కోపులో నిండు వృత్తం కనబడాలి. అంచున నల్లటి నీడ వస్తే, ఆ నీడ పోయేదాకా స్టాక్ మీద మడిచిన గుడ్డ ఒక్కో మడతే పెట్టుకుంటూ పోండి. ఆ మందమే మీకు కావలసిన ఎత్తు, సాధారణంగా అర అంగుళం, ముప్పావు అంగుళం మధ్య తేలుతుంది. వెల్క్రోతో కట్టే చెంపదిండు పాతిక ముప్పై డాలర్లకు దొరుకుతుంది, లోపల ఫోమ్ పొరలు ఎక్కువ తక్కువ చేసుకోవచ్చు. కట్టాక బోల్టు పూర్తిగా వెనక్కి లాగి చూడండి. దిండుకు తగిలితే రెండంగుళాలు వెనక్కి జరపండి.

మీ ఎత్తుకు బట్ పొడవు కూడా చూసుకోవాలి. ట్రిగ్గరునుంచి బట్ చివరిదాకా ఫ్యాక్టరీ కొలత దాదాపు పదమూడు ముప్పావు అంగుళాలు. మోచేయి మడిచి, బట్‌ను ఆ మడతలో ఆనించి పట్టుకుంటే చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గరు మీదికి రావాలి, వేటకు వేసుకునే మందపాటి కోటు తొడుక్కుని మరీ చూడండి. అందకపోతే పొడవు ఎక్కువన్నమాట. తన్ను తగ్గుతుందని పైన తొడిగే రబ్బరు ప్యాడ్ మాత్రం కొనకండి. అది ఇంకో అంగుళం పొడుగు పెంచుతుంది, మీకు కావలసింది దానికి రివర్సు. గుల్ల ప్లాస్టిక్ బట్‌ను రంపంతో కోయడం కూడా వద్దు, కోశాక ప్యాడ్ స్క్రూ పట్టడానికి లోపల ఏమీ ఉండదు.

స్టాక్ మార్చడానికి న్యాయమైన కారణం ఇదొక్కటే: పొడవు మీకు ఒక అంగుళం దాకా తగ్గాలంటే. అప్పుడు కూడా ఛాసీ కాదు, లామినేట్. సౌత్ డకోటాలోని మిచెల్ ఊళ్లో ఉన్న బాయ్డ్స్ కంపెనీ ఎట్-వన్ అనే రకం చేస్తుంది. బటన్ నొక్కి పొడవు పన్నెండున్నర నుంచి పద్నాలుగు అంగుళాల దాకా మార్చుకోవచ్చు, చెంప ఎత్తు కూడా. పల్చటి చెక్క పొరలను జిగురుతో ఒత్తి చేస్తారు కాబట్టి వంగదు. మీ స్టాక్ కంటే ఒక పౌండు పైనే బరువు, .308 తన్నుకు అదీ ఒక రకంగా మేలే. ఆర్డరు చేసేటప్పుడు యాక్సిస్ అని స్పష్టంగా ఎంచుకోండి. సావేజ్ వారి వేరే మోడల్ 110 స్టాక్ దీనికి కూచోదు. క్యాలిబరు, బ్యారెల్ లావు, కుడిచేతిదా ఎడమచేతిదా అన్నీ సరిచూసి, లగ్ పలక కొత్తదిస్తారా, పాతదాన్నే మార్చి పెట్టుకోవాలా కూడా అడగండి.

కొత్త స్టాక్ వచ్చాక రిసీవరు దానంతట అది దిగాలి. బలవంతంగా నొక్కాల్సి వస్తే ఎక్కడో ఒరుస్తోంది, ఎక్కువగా బ్యారెల్ నట్ దగ్గరే. నట్ బ్యారెల్ కంటే లావు కదా. గరుకు కాగితంతో తీసిన చోటల్లా పాలీయూరిథేన్ వార్నిష్ రెండు పూతలు వేయండి, పచ్చి చెక్క తేమ పీలిస్తే చేసిన పనంతా వృథా. ఆపైన స్క్రూ పొడవు. ముందు స్క్రూ ఎక్కువ పొడవైతే దాని కొస బోల్టు లగ్గులకు తగిలి బోల్టు పట్టేస్తుంది. బోల్టు ముందు ఎలా తిరిగేదో ఇప్పుడూ అలాగే తిరగాలి. మ్యాగజీన్ టక్కుమని కూచోవాలి, తేలిగ్గా రావాలి. డమ్మీ తూటాలతో నాలుగైదుసార్లు నింపి, ఎక్కించి, విసిరేయించి చూడండి. చివరికి సేఫ్టీ: ఖాళీ రైఫిల్ కాక్ చేసి (బోల్టు ఎత్తి దించి, కాల్చడానికి సిద్ధం చేసి), సేఫ్టీ వేసి, ట్రిగ్గరు గట్టిగా నొక్కి వదలండి. తర్వాత సేఫ్టీ తీయండి. టక్కుమన్న శబ్దం వస్తే, ట్రిగ్గరును ఎక్కడో స్టాక్ తాకుతుండవచ్చు. ఆ రైఫిల్‌లో తూటా పెట్టకూడదు, తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌కు చూపించాలి.

బాగుచేసుకున్నా, మార్చినా జీరో (స్కోపు గురి సరిచేయడం) మళ్లీ మొదటినుంచే. ముందు పాతిక గజాలు, తర్వాత వంద. ఒకే పెట్టె తూటాలతో సంచి మీద అయిదు, బైపాడ్ మీద అయిదు. బ్యారెల్ సన్నం కాబట్టి మూడు కాల్చగానే పది నిమిషాలు చల్లారనివ్వండి, వేడి బ్యారెల్ చేసే తప్పు స్టాక్ మీద రాయకండి. రెండు గ్రూపుల మధ్యబిందువులు అర అంగుళంలోపు వస్తే పని అయిపోయినట్టే. గ్రూపు ఒకటిన్నర అంగుళం నుంచి తగ్గకపోవచ్చు. తగ్గాల్సిన పని కూడా లేదు. తెల్లతోక జింకకు గుండె, ఊపిరితిత్తుల భాగం ఎనిమిది అంగుళాల వెడల్పుంటుంది, రెండు వందల గజాల దగ్గర కూడా మీ గ్రూపు మూడంగుళాలే. కొత్త సామాను కొనే డబ్బుతో ఇంకో రెండు పెట్టెల తూటాలు కొని, కూచుని, మోకరించి కాల్చడం సాధన చేయండి. టెక్సస్‌లో చాలా కౌంటీల్లో సీజను నవంబరు మొదటి శనివారం తెరుస్తారు, ఇంకా టైముంది.

మీ బావమరిది విషయం తేలిగ్గా తీసుకోకండి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బి లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. కాసేపు చేతికివ్వడం కూడా దీని కిందికే వస్తుంది. చట్టంలోనే ఉన్న మినహాయింపుల్లో మనవాళ్లకు పనికొచ్చేది ఒకటుంది: అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. ఇక్కడొక మెలిక చూడండి. 2019 సెప్టెంబరు నుంచి టెక్సస్‌లో ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో అడవిపందులను వేటాడడానికి లైసెన్సు అక్కర్లేదు. అది విని, పందులే కదా అని లైసెన్సు లేకుండా వీసా మీదున్నవాళ్లు తుపాకీ పట్టుకుంటే రాష్ట్ర చట్టం ఊరుకున్నా ఫెడరల్ చట్టం ఊరుకోదు. అది నేరమే, వీసాకూ, రేపటి గ్రీన్‌కార్డుకూ చేటు. కాబట్టి జింకకైనా, పందికైనా, రేంజిలో సాధనకైనా అతను ముందు లైసెన్సు తీసుకుని, జేబులో పెట్టుకుని రావాలి. 1971 సెప్టెంబరు 2న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవారికి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు నిబంధన కూడా ఉంది, అది పూర్తి చేయించండి. లైసెన్సు ఏటా ఆగస్టు 31తో ముగుస్తుంది. సీజను మధ్యలో కాదు, సెప్టెంబరులోనే కొత్తది తీసుకోమనండి.